దిగుడు బావిలోకి మళ్లీ మనుషులు

2024 అక్టోబరులో కురిసిన వానలకు కనగానపల్లి చెరువు నిండింది, నిండి కట్ట తెగింది. ఆ నీళ్లు పండమేరు వంకలో పడి, ఎక్కడో దిగువనున్న అనంతపురం శివారు కాలనీలను ముంచేశాయి. చుక్క నీటి కోసం మొగులు వైపు చూసే నేల మీద, వచ్చిన నీళ్లు ఒక్క రాత్రిలో చేయి దాటిపోయాయి. కనగానపల్లి, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ప్రాంతాల్లో పెద్దలకు ఇది కొత్త కథ కాదు. ఇక్కడ వాన తక్కువ. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు దాదాపు 550 మిల్లీమీటర్లు. ఆ వాన కూడా పడితే నాలుగు రోజుల్లోనే పడుతుంది, లేకపోతే లేదు.

అందుకే ఈ సీమలో నీటిని పట్టి నిలిపే పని ఆరేడు వందల ఏళ్లుగా సాగింది. చెరువుల గురించి, కాలువల గురించి సభల్లో, పత్రికల్లో మాట్లాడుకుంటూనే ఉంటాం. చెరువు కింద ఊటతో బతికిన దిగుడు బావి గురించీ, గుడి ముందరి కోనేటి గురించీ మాత్రం ఎవరూ పెద్దగా తలచుకోరు. అవి ఊరి జనం తాగిన నీళ్లు, చేను తడిపిన నీళ్లు. వాటితోపాటు ఊరు ఒళ్లు కడుక్కున్న నీళ్లు కూడా అవే. మన పల్లెలకు స్నానశాల అంటే అదే.

ఇస్తాంబుల్‌లో, లాహోర్‌లో, గోల్కొండలో స్నానశాల గుమ్మటం కింద ఉంటుంది. కింద పొయ్యి, గోడల్లో మట్టి గొట్టాలు, వేడినీళ్ల తొట్టి ఒకవైపు, చన్నీళ్ల తొట్టి ఒకవైపు. వాటిని హమ్మామ్ అంటారు. ఎండలు మండే రాయలసీమలో అంత కట్టెలు కాల్చి నీళ్లు కాచే అవసరం జనానికి లేదు, స్తోమతా లేదు. ఇక్కడ స్నానశాల నేలలోకి దిగింది. పైకప్పు అక్కర్లేదు, నీడ బావి గోడే ఇస్తుంది. మిట్టమధ్యాహ్నం కూడా అడుగు మెట్టు మీద చల్లగా ఉంటుంది.

దిగుడు బావిని దగ్గరగా చూస్తే దాని పనితనం తెలుస్తుంది. కొన్నింటికి ఒకవైపు నుంచి వరుసగా మెట్లు ఉంటాయి, మనిషి నడుచుకుంటూ నీటి దాకా పోవచ్చు. కొన్నింటికి మెట్ల వరుస ఉండదు. గోడ కట్టేటప్పుడే పొడవాటి రాతి బండల్ని ఒక కొస గోడలో దిగేసి, ఇంకో కొస గాలిలోకి చొచ్చుకొచ్చేలా పెట్టేవాళ్లు. ఒకదాని కింద ఒకటి ఏటవాలుగా సాగే ఆ బండల మీద అడుగేసుకుంటూ దిగాలి. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలే ఎక్కువ. రాళ్ల సందుల్లోంచి ఊట లోపలికి రావాలి కాబట్టి అలా వదిలారు. సిమెంటుతో ఆ సందులు పూడ్చి, బాగుచేశామనుకున్న బావులు ఎండిపోవడానికి ఒక కారణం ఇదే.

బావికి ఒక పక్క కపిల ఉండేది. రెండు రాతి స్తంభాల నడుమ గిలక, తోలుతో కుట్టిన పెద్ద సంచి, దాన్ని లాగే ఎద్దుల జత. ఎద్దులు వాలు బాటలో కిందికి దిగుతుంటే సంచి పైకొచ్చి తొట్టిలో కుమ్మరించేది. కపిల తోలే రైతు పాట పాడుకుంటూనే ఉండేవాడు. రెండో పక్క మెట్లు. పొద్దున్నే చేను పనికి పోయేవాళ్లు, మాపటేళ తిరిగొచ్చేవాళ్లు అక్కడే మునిగేవాళ్లు. ఎండిన సొరకాయ బుర్రలు నడుముకు కట్టి పిల్లలకు ఈత నేర్పేవాళ్లు. పండగ ముందు రోజు కుంకుడుకాయ నురగతో అడుగు మెట్లు జారేవి. ఆడవాళ్లు నీళ్లకు, బట్టలు ఉతుక్కోవడానికి వచ్చేవాళ్లే గానీ, వాళ్ల స్నానం మాత్రం ఎక్కువగా ఇంటి వెనక తడికల చాటునే. ఊరుమ్మడి స్నానమంటే ఎక్కువగా మగవాళ్లదీ పిల్లలదీ అన్న నిజాన్ని దాచుకోనక్కర్లేదు. ఇప్పుడు బాగుచేసేటప్పుడు ఆ లోటును సరిదిద్దుకోవచ్చు.

పెనుకొండకు నీళ్లు తేవడం రాచకార్యంగా సాగిన రోజులు ఉన్నాయి. 1388లో రెండో హరిహరరాయల కొడుకు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో ఉన్నాడు. నీరే ప్రాణులకు ప్రాణమని తలచి, పెన్న నీటిని పెనుకొండకు తేవాలని ఆయన ఆజ్ఞ ఇచ్చాడు. ఆ పని అందుకున్నవాడి పేరు సింగయభట్టు. శాసనం ఆయన్ను జలసూత్రం తెలిసినవాడిగా చెబుతుంది. ఆయన సిరువెర చెరువు దాకా కాలువ తవ్వించి, దానికి ప్రతాప బుక్కరాయ మండలం కాలువ అని పేరు పెట్టి శాసనం వేయించాడు. రాజు పేరుతో పాటు పని చేసిన ఇంజనీరు పేరు కూడా రాతి మీద నిలవడం మన చరిత్రలో తరచుగా కనిపించదు. సింగయభట్టు పేరు ఈ జిల్లా బడిపిల్లలకు తెలియాలి.

అంతకు దాదాపు ఇరవై ఏళ్ల ముందు, 1369లో, కడప సీమలోని పోరుమామిళ్లలో మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు పెద్ద చెరువు కట్టించాడు. అక్కడి శాసనంలో చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, చెరువును చెడగొట్టే ఆరు దోషాలు వరసగా చెప్పారు. నీటి శాస్త్రం తెలిసినవాడు ఉండటం ఆ అంగాల్లో ఒకటి. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని కూడా అందులో ఉంది. ఇంత లెక్కగా పని చేసినవాళ్లు కోనేళ్లను, బావులను గాలికి వదిలేసి ఉంటారా?

లేదనడానికి హంపిలోనే సాక్ష్యం ఉంది. మహానవమి దిబ్బకు దగ్గర్లో 1980ల తవ్వకాల్లో బయటపడిన మెట్ల కోనేరు నల్లరాతి కట్టడం. ఐదు అంతస్తులుగా మెట్లు దిగుతాయి. దాని రాళ్లలో చాలావాటి మీద అవి ఎక్కడ, ఏ దిక్కున, ఏ వరసలో కూర్చోవాలో గుర్తులు చెక్కి ఉన్నాయి. రాళ్లను వేరే చోట చెక్కి, గుర్తులు వేసి, తెచ్చి పేర్చారన్నమాట. ఆ కోనేటికి నీళ్లు రాతి దోనెల మీదుగా వచ్చేవి. కాస్త దూరంలో ఉన్న రాణివాసపు స్నానశాల బయటి నుంచి చూస్తే బోడి గోడ. లోపలికి పోతే నడుమ పదిహేను మీటర్ల చదరంలో తొట్టి, చుట్టూ వరండా, నీటి మీదికి వాలిన బాల్కనీలు. హంపిలోనే 1520 ప్రాంతంలో తిరిగిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పాయెస్ కృష్ణదేవరాయల దినచర్య రాశాడు. తెల్లవారక ముందే రాయలు నువ్వుల నూనె తాగి, ఒంటికి నూనె పట్టించుకుని, సాము చేసి, ఆ నూనెంతా చెమటగా కారిపోయాక కుస్తీ పట్టి, గుర్రమెక్కి తిరిగొచ్చి, ఆ తర్వాత స్నానం చేసేవాడట. ఇప్పటికీ సీమ పల్లెల్లో పండగనాడు తలంటు పోసుకునేవాళ్లకు ఆ వరస కొత్తగా అనిపించదు.

1565లో రక్కసి తంగడి యుద్ధం తర్వాత విజయనగరం కూలింది. తిరుమలరాయలు ఖజానాతో పెనుకొండకు వచ్చి దాన్ని రాజధాని చేసుకున్నాడు. చంద్రగిరికి తరలిపోయే దాకా ఈ కొండ కిందే రాజ్యం నడిచింది. గగనమహలు, గుళ్లు, దర్గా, వాటి నడుమ బావులు. పెనుకొండలో బసవన్న బావి అని పిలిచే దిగుడు బావి ఒకటి ఉంది. దాని ముఖద్వారాన్ని ఎద్దు రూపంలో మలిచారు. కదిరి నరసింహస్వామి గుడికి భృగుతీర్థం ఉంది. ఇలాంటివి పేరున్నవి. పేరు లేనివి ప్రతి పల్లె పొలిమేరలోనూ కనిపిస్తాయి.

అయితే, కట్టడం ఒక ఎత్తు, నిలుపుకోవడం ఒక ఎత్తు. వందల ఏళ్లు ఈ బావులు ఎవరి ఖర్చుతో బతికాయి? రాయలసీమలో దానికి దశబంధం అనే ఏర్పాటు ఉండేది. చెరువో బావో కాలువో కట్టించినవాడికి, లేదా దాన్ని ఎప్పటికప్పుడు బాగుచేస్తానని ఒప్పుకున్నవాడికి కొంత భూమి శిస్తు లేకుండానో తగ్గింపు శిస్తుతోనో దక్కేది. ఆ మాన్యం అనుభవించాలంటే కట్ట చూసుకోవాలి, పూడిక తీయించాలి. దానితో పాటు ఊరికి కూడా తన వంతు ఉండేది. వేసవిలో నీళ్లు అడుగంటినప్పుడు జనమంతా దిగి బురద ఎత్తేవాళ్లు. 1800లో ఈ జిల్లాలు దత్తమండలాలుగా కంపెనీ చేతికి పోయాక దశబంధాలు రెవెన్యూ లెక్కల్లో వట్టి ఇనాములుగా మారాయి. కొన్ని నిలిచాయి, చాలా చోట్ల మాన్యం ఉంది గానీ బాధ్యత జారిపోయింది. ఈ సీమ బావుల చావు అక్కడ మొదలైందని చెప్పవచ్చు. బోర్ల కన్నా, కుళాయిల కన్నా ముందు.

కంపెనీ దొరలకు బావి విలువ తెలియక కాదు. దత్తమండలాల తొలి కలెక్టరుగా పనిచేసి, తర్వాత మద్రాసు గవర్నరైన థామస్ మన్రో 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఆయన జ్ఞాపకంగా అక్కడ తోపు వేసి రాతి మెట్ల బావి కట్టించారు. గుత్తిలో సత్రం కట్టారు. సీమ జనం మనసు గెలవాలంటే విగ్రహం కన్నా బావి మేలని అప్పటివాళ్లకు తెలుసు.

ఈ చరిత్రలో చీకటి భాగం కూడా ఉంది. ఊరుమ్మడి బావి అన్న మాటలో ఊరు అంటే అందరూ కాదు. దళితులను మెట్లు దిగనివ్వలేదు. కుండ పైనే పెట్టుకుని, ఎవరో తోడి పోసేదాకా ఎండలో నిలబడాల్సిందే. 1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహాడ్‌లో అంబేద్కర్ వేలమందితో కలిసి చవదార్ చెరువు నీళ్లు తాగింది ఈ అన్యాయం మీదే. అప్పట్లో ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో భాగం. అక్కడ 1938లో పౌర అనర్హతల తొలగింపు చట్టం వచ్చింది. ప్రజల సొమ్ముతో నడిచే బావులు, చెరువుల దగ్గర ఎవరినీ ఆపకూడదని అది చెప్పింది. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం పదిహేనో అధికరణలో బావులు, చెరువులతో పాటు స్నానఘట్టాలు అన్న మాటను కూడా విడిగా రాశారు. రాజ్యాంగంలో స్నానఘట్టం ఎందుకుందని ఎవరైనా అడిగితే, మన ఊళ్ల దిగుడు బావుల చరిత్రే జవాబు. కాబట్టి పాత బావిని బాగుచేయడమంటే పాత కట్టుబాట్లను బాగుచేయడం కాదు. మెట్లు ఊరందరికీ అన్నది మొదటి షరతు.

దిగుడు బావి మూతపడటానికి దశబంధం పోవడం మొదటి కారణమైతే, రెండో కారణం రోగం. నారికురుపు అంటే ఇప్పటి కుర్రాళ్లకు తెలియకపోవచ్చు, అరవై దాటినవాళ్లకు బాగా తెలుసు. కాలి మీద పొక్కు లేస్తుంది, మంట పుడుతుంది. మంట చల్లారడానికి మనిషి బావి మెట్లు దిగి కాలు నీళ్లలో పెడతాడు. పొక్కు పగిలి, అందులోని పురుగు వేల పిల్లల్ని నీళ్లలోకి వదులుతుంది. కంటికి కనిపించీ కనిపించని నీటి పురుగులు వాటిని మింగుతాయి. ఆ నీళ్లు వడకట్టకుండా తాగిన ఇంకొకరి ఒంట్లో ఏడాది తర్వాత మూరకు మించిన పొడవున్న పురుగు కాలి చర్మం చీల్చుకుని బయటికి వస్తుంది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకు కాస్తంత లాగాలి. మధ్యలో తెగితే ఇంకా ప్రమాదం. పొలం పనుల వేళ ఇది వచ్చిందంటే ఇల్లు ఇల్లంతా మంచాన పడేది.

అప్పట్లో నారికురుపు ఉన్న ఏడు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1984లో దేశమంతటా దాదాపు 40 వేల కేసులు లెక్కకు వచ్చాయి. ప్రభుత్వం దాని మీద పెద్ద కార్యక్రమమే నడిపింది. వడకట్టుకోవడానికి గుడ్డలు పంచారు, బావుల్లో మందు వేశారు, చేతిపంపులు వేశారు. మెట్లు మూసి, చుట్టూ గోడ లేపి, దిగుడు బావిని చేదబావిగా మార్చారు. మనిషి కాలు నీటిని తాకకుండా చేయడమే మందు. 1996 జులైలో రాజస్థాన్‌లో వచ్చిన కేసే దేశంలో చివరిది. 2000లో భారతదేశానికి ఆ రోగం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ఆరోగ్య సిబ్బంది పల్లెపల్లె తిరిగి గెలిచిన గెలుపు అది. వాళ్లకు చేతులెత్తి మొక్కాలి. దిగుడు బావుల అందం గురించి రాసేవాళ్లు ఈ సంగతి వదిలేస్తే అది సగం చరిత్రే అవుతుంది. ఒకే నీటిలో మునగడం, అదే నీరు తాగడం అన్న పాత అలవాటు ఎప్పటికీ తిరిగి రాకూడదు.

మూడో కారణం అందరికీ తెలిసిందే. బోర్లు వచ్చాయి. వంద అడుగులన్నది మూడు వందలైంది, మూడు వందలన్నది ఎనిమిది వందలైంది. భూమి పైపొరల్లోని నీళ్లు అడుగుకు జారిపోయాయి, బావుల్లో ఊట ఆగిపోయింది. 1990లలో సత్యసాయి ట్రస్టు తాగునీటి పథకంతో జిల్లాలో ఏడు వందలకు పైగా ఊళ్లకు కుళాయి వచ్చింది. బిందె మోసిన ఆడవాళ్లకు అది నిజమైన విడుదల. కానీ బావితో ఊరికి ఉన్న రోజువారీ పని తెగిపోయింది. పని తెగిన బావిలోకి ముందు కంపచెట్లు వచ్చాయి, తర్వాత ఇళ్లు కూల్చిన మట్టి, తర్వాత ప్లాస్టిక్. కొన్నింటిని పూడ్చి పైన గదులు కూడా కట్టేశారు.

ఇప్పుడు గాలి మళ్లింది. తెలుగు నేల మీద అందరికీ తెలిసిన ఉదాహరణ సికింద్రాబాదులోని బన్సీలాల్‌పేట మెట్ల బావి. పాతవాళ్లు దాన్ని నాగన్నకుంట అనేవాళ్లు. 1933లో బ్రిటిష్ రెసిడెంటు కీస్ కాలంలో సేఠ్ బన్సీలాల్ ఇచ్చిన డబ్బుతో ఆ పేటను బాగుచేయడంతో దానికి ఆయన పేరు నిలిచింది. తర్వాత దశాబ్దాల పాటు బస్తీ చెత్తంతా అందులోనే. బావి ఉందన్న ఆనవాలే పోయింది. 2021లో ప్రభుత్వం, కల్పనా రమేశ్ నడిపే రెయిన్‌వాటర్ ప్రాజెక్టు కలిసి పని మొదలుపెట్టాయి. వందల లారీల చెత్త, మట్టి పైకి ఎత్తారు. యాభై అడుగులకు పైగా లోతున్న కట్టడం అంతస్తులు అంతస్తులుగా బయటికి వచ్చింది. అడుగున ఊట ఇంకా బతికే ఉంది! 2022 డిసెంబరు 5న అప్పటి మంత్రి కె.టి.రామారావు దాన్ని ప్రారంభించారు. అంతకు ముందే, ఆ ఏడాది మార్చిలో, ప్రధాని తన రేడియో ప్రసంగంలో ఆ బావి గురించి చెప్పారు.

గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల తోటలో ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు 2013 నుంచి పదేళ్లకు పైగా పని చేసింది. ఆ ఏడాది వానలకే అక్కడి బడీ బావోలీ పడమటి గోడ కూలిపోయింది. పడిన రాళ్లను ఏరి, తిరిగి సున్నంతోనే కట్టారు. ఇప్పుడు వాన నీరు అందులో నిలిచి తోటను తడుపుతోంది. ఆ మెట్ల బావుల పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం దక్కింది. అదే ఆవరణలోని హమ్మామ్‌ను కూడా బాగుచేశారు. అది చనిపోయిన రాజుల దేహాలకు చివరి స్నానం చేయించిన చోటు. కాబట్టి దాన్ని చూపుకే ఉంచడం సబబే.

అన్ని చోట్లా అది సబబు కాదు. లాహోర్ కోటగోడల నగరంలో 1635 నాటి షాహీ హమ్మామ్‌ను అద్భుతంగా బాగుచేశారు, 2016లో యునెస్కో మెచ్చుకుంది. కానీ అక్కడ ఇప్పుడెవరూ స్నానం చేయరు, టికెట్టు కొని చూసి వస్తారు. ఇస్తాంబుల్‌లో 1556లో సినాన్ కట్టిన హుర్రెమ్ సుల్తాన్ హమ్మామ్ 1910 తర్వాత గోదాముగా, తివాచీల అంగడిగా మారి, బాగుచేశాక 2011లో మళ్లీ స్నానాలకే తెరుచుకుంది. అయితే బస్తీ మనిషికి అందే ధర కాదు, యాత్రికుల ధర. ఇంగ్లండులోని మాంచెస్టరులో 1906లో తెరిచిన విక్టోరియా స్నానశాల 1993లో మూతపడింది. 2003లో బీబీసీ నడిపిన పోటీలో జనం ఓట్లతో గెలిచి 34 లక్షల పౌండ్లు తెచ్చుకుంది. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు కూడా అది రోజువారీ ఈతకు తెరుచుకోలేదు. అదే దేశంలో బర్మింగ్‌హామ్‌లోని మోజ్లీ రోడ్ స్నానశాలది ఇంకో దారి. 1907 నాటి ఆ కట్టడంలో ఈతకొలనును నగరపాలక సంస్థ వదులుకుంటే, 2018లో చుట్టుపక్కల జనమే సంఘం పెట్టుకుని దాన్ని నడపడం మొదలుపెట్టారు. ఒకవైపు మరమ్మతులు సాగుతుంటే ఇంకోవైపు పిల్లలు ఈత కొట్టారు. ముందు అంతా బాగుచేసి తర్వాత తెరుద్దాం అనుకున్నచోట తలుపు తెరుచుకోలేదు, తెరిచి ఉంచి బాగుచేసినచోట కట్టడం బతికింది.

మన దేశంలోనే జోధ్‌పూర్‌లో తూర్‌జీ కా ఝాల్‌రా ఉంది. 1740ల నాటి మెట్ల బావి. పూడిక తీసి శుభ్రం చేశాక సాయంత్రమైతే ఆ పేట కుర్రాళ్లు పైమెట్ల మీద నుంచి నీళ్లలోకి దూకుతారు. దాన్ని చూడటానికి వచ్చే యాత్రికులు పక్కన కూర్చుంటారు. జనం వాడుకే అక్కడి శోభ.

పెనుకొండ, కనగానపల్లి, ధర్మవరం ప్రాంతపు బావులకు ఏ దారి సరిపోతుంది? బన్సీలాల్‌పేటలాగా దీపాలు, గ్యాలరీ పెట్టేంత ఖర్చు ప్రతి ఊరూ పెట్టలేదు, పెట్టక్కర్లేదు కూడా. ఈ సీమ బావికి ముందు కావలసింది నీరు. చెరువు నిండితే దాని కింది బావుల్లో ఊట లేస్తుంది, చెరువు ఎండితే బావిని ఎంత చెక్కినా అది రాతి గుంత. కాబట్టి బావి పని చెరువు కట్ట దగ్గర మొదలవ్వాలి. తూము, మరవ సరిగ్గా ఉండాలి, వంకలు పూడకుండా ఉండాలి. హంద్రీ-నీవా ద్వారా కృష్ణా నీళ్లు పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయం దాకా వచ్చాయి. ఆ నీటితో చెరువులు నింపే పని నిలకడగా సాగితే, ముప్పై ఏళ్లుగా ఎండిన బావుల్లో మళ్లీ తడి కనిపిస్తుంది. కనగానపల్లి చెరువు కట్ట తెగినప్పుడు పోయిన నీళ్లలో ఎన్ని బావుల ఊట ఉందో రైతులకు చెప్పనక్కర్లేదు.

తర్వాతది కట్టుబడి. పూడిక తీసేటప్పుడు పొక్లెయిను పంటి దెబ్బకు అడుగు మెట్లు పగులుతాయి. అడుగు పది అడుగులు మనుషులే ఎత్తాలి. కదిలిన రాళ్లకు గుర్తులు వేసుకుని, తీసినచోటే పెట్టాలి, హంపి కోనేటి శిల్పులు చేసినట్టే. సున్నం వాడిన చోట గానుగ సున్నమే వాడాలి. పొడిరాయి గోడకు సిమెంటు పూత పూయకూడదు. ఇంత తెలిసిన రాతిపనివాళ్లు ఈ సీమలో ఇంకా ఉన్నారు. ఇళ్ల పునాదులు, పొలం గట్లు పేర్చే చేతులవి. వాళ్లను పిలిచి పని చెప్పేవాళ్లే కరువు.

ఇక వాడుక. తాగునీరు కుళాయిదే, బావి నీటిని తాగడానికి వాడకూడదు. ఆ గీత గట్టిగా ఉంటే నారికురుపు భయం పెట్టుకోనక్కర్లేదు. సబ్బు రుద్దుకోవడానికి పైన వేరే గచ్చు, దానికి తూము ఉండాలి. మునగడానికి, ఈదడానికి కింది నీళ్లు. మెట్లకు ఇనుప గొలుసు, లోతు తెలిపే గుర్తు, తేలే బుర్రలు, ఈత వచ్చిన ఒక మనిషి జీతం మీద. ఆడవాళ్లకు, ఆడపిల్లలకు కేటాయించిన వేళలు, బట్టలు మార్చుకునే గది. పల్లె ఆడపిల్లకు ఈత నేర్చుకునే చోటు ఈ జిల్లాలో ఎక్కడుంది? ఎండాకాలం సెలవుల్లో పట్నం పిల్లలు ఫీజు కట్టి ఈతకొలనుకు పోతారు. పల్లె పిల్లలు చెప్పాపెట్టకుండా క్వారీ గుంతల్లో దిగి ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. కాపలా ఉన్న, లోతు తెలిసిన దిగుడు బావి ఒకటి మండలానికి ఉన్నా ఆ చావులు కొన్నైనా ఆగుతాయి.

ఎవరు చూసుకోవాలన్న ప్రశ్నకు కూడా బతికున్న ఉదాహరణ ఉంది. తిరుమలలో స్వామి పుష్కరిణిని ఏటా బ్రహ్మోత్సవాలకు ముందు దాదాపు నెల రోజులు మూసేస్తారు. నీళ్లన్నీ తోడి, పాచి గీకి, పగుళ్లు పూడ్చి, రంగులు వేసి, మళ్లీ నింపుతారు. లక్షలమంది మునిగే ఆ కోనేరు ఇన్నేళ్లుగా నిలిచింది ఆ నెల రోజుల పని వల్ల. మన ఊళ్లలో దశబంధం చేసిన పని కూడా అదే, కాకపోతే దానికి భూమి మాన్యంగా ఇచ్చారు. ఇప్పుడు పంచాయతీ బడ్జెట్‌లో ఏటా బావి పేరుతో ఒక పద్దు రాసుకుంటే చాలు. ఒకసారి కోటి ఖర్చుపెట్టి రిబ్బను కత్తిరించడం కన్నా, ఏటా లక్ష ఖర్చుపెట్టి పూడిక తీయడం ఊరికి మేలు.

పెనుకొండ కోట కట్టడాల్లో ఉన్న బావుల సంగతి పురావస్తు శాఖ చూసుకోవాలి. గుడి కోనేళ్ల సంగతి దేవాదాయ శాఖది. మిగిలిన వందల బావులకు దిక్కు గ్రామసభే. కనగానపల్లి, రామగిరి, చెన్నేకొత్తపల్లి, పెనుకొండ, ధర్మవరం మండలాల సర్పంచులు వచ్చే గ్రామసభలో ఒక పని చేయాలి. తమ ఊరి పొలిమేరలో ఎన్ని దిగుడు బావులున్నాయో, ఏది ఎవరి పట్టాలో ఉందో, దేనిలో ఇంకా తడి ఉందో పెద్దలను అడిగి రాయించాలి. ఆ జాబితా పంచాయతీ గోడ మీద అంటించాలి. దాంట్లో ఒక్క బావిని ఈ ఎండాకాలమే, వానలు రాకముందే, పూడిక తీయడానికి ఎంచుకోవాలి. చదువుతున్నవారిలో ఎవరి పొలంలోనైనా అలాంటి బావి ఉంటే, దయచేసి అందులోకి మట్టి తోలించకండి.